ముందే ఉన్న మనిషి

గరివిడిలో రైలు గేటు దాటాక ఎడమచేతి వైపు డాక్టరు పద్మకుమారి ఆసుపత్రి ఉంది. పెద్దదేమీ కాదు. ముందు గదిలో రెండు బల్లలు, లోపల డాక్టరమ్మ గది, దాని పక్కన సెలైను ఎక్కించడానికి ఒక మంచం. ముందు గదిలో కంప్యూటరు దగ్గర దేవి కూర్చుంటుంది. వచ్చినవాళ్ళ పేరూ ఊరూ అడిగి ఎక్కించుకోవడం, బరువు, బీపీ చూసి లోపలికి పంపడం ఆమె పని.

ఆ సాఫ్ట్‌వేరు తెచ్చి పెట్టింది డాక్టరమ్మ తమ్ముడు గిరిబాబు. విశాఖపట్నంలో కంప్యూటరు ఉద్యోగం అతనిది. చిన్న ఆసుపత్రుల కోసమని ఏయే దేశాల వాళ్ళో కలిసి రాసి, ఊరికే వదిలిపెట్టారట దాన్ని. "ఇది ఎవరి సొత్తూ కాదు దేవీ. ఎవరైనా విప్పి చూడొచ్చు, మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు" అని చెప్పి, నిజంగానే కూర్చుని మార్చాడు. తెర మీద మాటలన్నీ తెలుగు చేశాడు. ఈ వైపు వీధికి నలుగురు కూర్మయ్యలు, ముగ్గురు గంగరాజులు ఉంటారు కాబట్టి 'ఊళ్ళో పిలిచే పేరు' అని ఒక గడి కలిపాడు. కొత్త మనిషిని ఎక్కించేటప్పుడు పాత వాళ్ళెవరితోనైనా వివరాలు కలిస్తే అది ఆగిపోయి, అతను రాసిన మాటల్లోనే అడుగుతుంది: 'ఈ మనిషి ముందే ఉన్నాడు. ఇద్దరూ ఒకరేనా?' కింద రెండు మీటలు. 'అవును, ఒకరే'. 'కాదు, వేరు'.

పని నేర్పే రోజున గిరిబాబు, "నీకు బాగా తెలిసిన మనిషిని ఎవర్నైనా ఎక్కించి చూడు, చెయ్యి తిరుగుతుంది" అన్నాడు. దేవి తన మొగుణ్ణి ఎక్కించింది.

ఆమె మొగుడు గంగరాజుది నీలమ్మపేట, పూసపాటిరేగ దాటాక సముద్రపు ఒడ్డున. ఆ పేటలో మగాళ్ళు సగంమంది గుజరాతు వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. గంగరాజూ వెళ్ళాడు. ఒక తుపానులో ఆ బోటు మునిగిపోయింది. కొన్ని శవాలు ఒడ్డుకు చేరాయి. గంగరాజుది చేరలేదు. "శవం లేకండా సావేటి?" అని అత్త కూర్మమ్మ కార్యం చెయ్యనివ్వలేదు. దేవికి ఆ ఇంట్లో రాత్రీ పగలూ అలల చప్పుడు వింటూ ఉండటం చేతకాక గరివిడి వచ్చి, మేనమామ ఇంట్లో ఉండి, ఈ పనిలో చేరింది. నుదుటన బొట్టు ఉంచుకుంది. అది ఎందుకు ఉందో, ఎన్నాళ్ళు ఉంటుందో ఆమెకూ తెలియదు.

పని నేర్చుకున్నాక ఉత్తుత్తి పేర్లన్నీ తీసేసింది కానీ ఆ ఒక్కటీ తియ్యలేదు. అప్పుడప్పుడు తెరిచి చూసుకునేది. ఒకసారి చూస్తే వయసు దగ్గర అంకె మారి ఉంది. పుట్టినరోజు దాటిందని అదే ఒక ఏడు కలిపేసుకుంది. మరుసటి ఏడు మళ్ళీ కలుపుకుంది. ఎక్కడో నీళ్ళ అడుగున ఉన్నవాడు ఏడాదికి ఏడాది ముదురుతున్నట్టు అనిపించింది దేవికి. ఆ తరవాత తెరవడం మానేసింది.

వానలు వెనకబట్టిన రోజుల్లో, ఒక పూట పదకొండు గంటలప్పుడు, ఒకతను దగ్గుతూ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉన్నాడు. మొహం కొలిమి సెగకు మాడినట్టుంది. ఊళ్ళో ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో కంట్రాక్టరు కింద పనిచేస్తున్నానని చెప్పాడు.

"పేరు?" దేవి తలెత్తకుండానే అడిగింది.

"గంగరాజు."

"తండ్రి పేరు?"

"కూర్మయ్య."

ఆమెకేమీ అనిపించలేదు. అలాంటివాళ్ళు రోజుకు ఒకరైనా వస్తారు.

"ఊరు?"

"నీలమ్మపేట."

దేవి తలెత్తింది. నీలమ్మపేటలో ఆమెకు తెలియని మగవాడు లేడు. ఈ మొహం ఎప్పుడూ చూడలేదు.

"నీలమ్మపేటలో ఎక్కడ?"

"రామమందిరం ఎనకాల. వలలారేసే దిబ్బ ఉన్నాది కదమ్మా, దాని పక్కిల్లు."

అది ఆమె ఇల్లే. పుట్టిన తేదీ అడిగింది. అతను చెప్పాడు. ఆమె వేళ్ళు ఆ అంకెల్ని చూడకుండానే కొట్టాయి.

"ఊళ్ళో ఏమని పిలుస్తారు?"

అతను కొంచెం నవ్వాడు. "గవ్వలోడంటారు. సిన్నప్పుడు గవ్వ మింగేసేనట. రెండ్రోజులు మాయమ్మ అన్నం తిననేదట."

తెర ఆగిపోయింది. ఈ మనిషి ముందే ఉన్నాడు. ఇద్దరూ ఒకరేనా?

ఎవడో తనను ఆట పట్టిస్తున్నాడనుకుంది ముందు. కానీ అతని కళ్ళలో జ్వరం తప్ప ఇంకేమీ లేదు. ఏ మందైనా పడదా అని అడిగితే సల్ఫా మాత్రలు పడవన్నాడు, మింగితే ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయన్నాడు. గంగరాజుకీ అంతే. దేవి ఆఖరి ప్రశ్న అడిగింది.

"పెళ్ళయిందా? భార్య పేరు?"

"దేవి" అన్నాడతను. ఆమె మొహంలోకి చూస్తూనే అన్నాడు. ఆ కళ్ళు ఆమెను గుర్తుపట్టలేదు.

ఆమె ఏ మీటా నొక్కలేదు. తెరను అలాగే వదిలేసి అతన్ని లోపలికి తీసుకువెళ్ళింది.

డాక్టరమ్మ ఛాతీ విని, కాళ్ళకు వాపు ఉందేమో చూద్దామని ప్యాంటు పైకి మడవమంది. ఎడమకాలి పిక్క మీద జానెడు మచ్చ, నెలవంకలాగ వంగి ఉంది.

"ఇదేమిటయ్యా?"

"టేకు సేప ముల్లండి. వల్లోంచి తీస్తంటే తోకతో కొట్టీసినాది."

దేవి గోడ పట్టుకుంది. ఆ గాయం తగిలిన రోజున పసుపూ నూనే కలిపి కట్టు కట్టింది తనే. అదే చోట, అదే వంపు. డాక్టరమ్మ ఆమె వైపు చూసి ఏదో జరిగిందని గ్రహించింది. అతనికి సెలైను పెట్టించి, దేవిని తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. దేవి చెప్పిందంతా విని, మెడలోని స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టింది.

"మీ ఆయన కాదు కదా? ఖాయమేనా? బాగా చిక్కిపోతే మనిషి మారిపోతాడు."

"కాడండి. మావ నా భుజం దాకా వస్తాడు. ఈయన ఆ దూలమంత ఉన్నాడు."

ఇద్దరూ మంచం దగ్గరకు వెళ్ళారు. డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుని నెమ్మదిగా అంది. "చూడు బాబూ. ఈవిడ పేరు దేవి. నీలమ్మపేట గంగరాజు భార్య. ఇప్పుడు చెప్పు, నువ్వెవరు?"

అతను లేచి కూర్చున్నాడు. దేవిని కింద నుంచి పైదాకా చూశాడు. ఎన్నో ఏళ్ళుగా మాటల్లోనే విన్న ఊరిని మొదటిసారి కళ్ళతో చూస్తున్నవాడిలాగ చూశాడు. తరవాత సూది గుచ్చిన చేతినే రెండో చేతితో కలిపి దండం పెట్టాడు.

"నానెవర్నో నాకు తెల్దమ్మా" అన్నాడు. "గంగరాజుని కాదని తెలుసు. అంతే."

అతను చెప్పింది ఇది. బోటు బోల్తా పడ్డాక, చేపలకు ఐసు వేసే పెద్ద పెట్టె ఒకటి తేలుతుంటే, దాన్ని చెరో వైపు పట్టుకుని ఇద్దరు మిగిలారు. గంగరాజు, తను. నిద్రపోతే చెయ్యి జారిపోతుంది. అందుకని మాట్లాడుకుంటూ ఉండాలనుకున్నారు. తనకు మాటలు తక్కువ. గంగరాజే చెప్పాడు. పుట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టి గవ్వ మింగడం, తండ్రి పోవడం, వల అల్లడం నేర్చుకోవడం, దేవిని చూడటానికి వచ్చినప్పుడు ఆమె ముంతలో మజ్జిగ తెచ్చి తడబడి అతని మీదే ఒంపెయ్యడం, అన్నీ చెప్పాడు. అయిపోతే మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

"మాటాడతా మాటాడతా ఆగిపోనాడమ్మా. 'ఆ తరవాత?' అన్నాను. పలకనేదు. మళ్ళీ అడిగేను. సెయ్యి ఒదిలీసేడు. ఇంక ఆ నీళ్ళలో నానొక్కడినే. మాట ఆగిపోతే నానూ పోతానని భయమేసినాది. వోడి కత నానే సెప్పడం మొదలెట్టేను. నాకు నానే. నాను గంగరాజుని, మాది నీలమ్మపేట, అని. అలగ ఎంతసేపు సెప్పేనో తెల్దు."

ఏదో పెద్ద పడవవాళ్ళు చూసి ఎక్కించుకున్నారు. భాష రాని ఊళ్ళో ఆసుపత్రిలో చేర్చారు. పేరు అడిగితే నోరు గంగరాజు అంది. అసలు పేరు కోసం వెతికితే లోపల ఏమీ దొరకలేదు. తన అమ్మ ఎవరంటే కూర్మమ్మ గుర్తుకొస్తుంది, కానీ మొహం ఉండదు. పెళ్ళాం అంటే దేవి గుర్తుకొస్తుంది, ఆమెకూ మొహం ఉండదు. వాళ్ళు ఇంకా ఏవేవో అడుగుతుంటే భయపడి, ఒళ్ళు కుదుటపడగానే చెప్పకుండా రైలెక్కి ఇటు వచ్చి ఫ్యాక్టరీలో చేరాడు.

అతనికి తెలిసినవన్నీ నోటితో చెప్పగలిగినవేనని దేవికి అప్పుడు అర్థమైంది. నోటితో చెప్పలేనిది ఒక్కటీ అతని దగ్గర లేదు.

"మరి ఆ మచ్చ?" అని అడిగింది డాక్టరమ్మ.

అతను తన కాలి వైపు భయంగా చూసుకున్నాడు. "ఆస్పత్రిలో లేసేటప్పటికే ఉన్నాది. పెట్టె అంచు గీసుకుందనుకున్నాను. ఎవలైనా అడిగితే మాత్రం నోరు టేకు సేపంటాది."

ప్రాణాల మీదికి వచ్చినప్పుడు కొందరికి అలా జరుగుతుందనీ, తన సంగతి మరిచిపోయి ఎదుటివాడి సంగతులు తనవే అనుకుంటారనీ, మచ్చలకేం, ఎన్నో రకాలుగా పడతాయనీ డాక్టరమ్మ చెప్పింది. చెబుతున్న కొద్దీ ఆవిడ గొంతు తగ్గిపోయింది.

దేవి ముందు గదికి వచ్చింది. ఆ ప్రశ్న ఇంకా తెర మీదే ఉంది. 'కాదు, వేరు' నొక్కి, కుర్చీలో కూలబడి ఏడ్చింది. బోటు మునిగిన కబురు వచ్చిన రోజున కూడా ఆమె అలా ఏడవలేదు.

జ్వరం తగ్గాక దేవీ, అతనూ నీలమ్మపేట బస్సెక్కారు. అత్తకు చెప్పాలి, చెప్పవలసినవాడు అతనే. కిటికీ పక్కన కూర్చుని అతను ముందు రాబోయే ఊళ్ళ పేర్లు చెబుతూ ఉన్నాడు. మలుపు తిరగక ముందే, అవతల చెరుకు తోట వస్తుందన్నాడు. వచ్చింది. పేట దగ్గరకు వచ్చేసరికి పేర్లు చెప్పడం ఆపేశాడు.

"ఒకపాలి ఇంతవరకూ వచ్చేనమ్మా. దూరంనుంచి సూసేను. ముసలమ్మ సేపలెండబెడతన్నాది. అమ్మా అని పిలవాలనిపించినాది. కానీ ఈ గొంతుతో పిలిస్తే ఏటవుతాదోనని ఎనక్కెళిపోనాను."

కూర్మమ్మ కళ్ళకు పొరలు కమ్మి చూపు ఆనడం లేదు. అరుగు మీద కూర్చుని అడుగుల చప్పుడు విని తల తిప్పింది.

"ఎవులే? దేవా? ఎంట ఎవుడు?"

అతను నోరు తెరవలేదు. గొంతు సవరించుకున్నాడు, అంతే. ముసలామె ఒక్కసారిగా లేచింది. "గవ్వలోడా! ఒరే, నువ్వేనేటిరా!" అంటూ గాలిలో చేతులు చాపింది. అతను వెళ్ళి ఆ చేతుల ముందు కూర్చున్నాడు. ఆమె అతని నుదురు తడిమింది, ముక్కు, గడ్డం తడిమింది. చేతులు ఆగిపోయాయి.

"ఇది నా కొడుకు మొకం కాదు" అంది.

"కాదమ్మా."

"మరి నా కొడుకు దగ్గు నీకెక్కడిది?"

అతను అంతా చెప్పాడు. ఐసుపెట్టె సంగతీ, చెయ్యి జారిన సంగతీ దాచకుండా చెప్పాడు. కూర్మమ్మ అంతా విని, "వోడు ఆఖర్న ఏటన్నాడు?" అని మాత్రం అడిగింది.

"ఇంటి ఎనకాల మునగసెట్టు కొమ్మ ఇరిగిపోనాది, అమ్మ దాని కింద కూకుంటాది, వచ్చినెంటనే కొట్టీయాల అన్నాడు."

ముసలామె నోట్లో కొంగు కుక్కుకుంది. ఆ కొమ్మ దానంతట అదే ఎప్పుడో పడిపోయిందని దేవికి తెలుసు.

సాయంత్రానికి కూర్మమ్మే దేవిని పిలిచింది. "ఇంక ఆపకూడదే. కార్యం సేసీయాల. ఈడే సేస్తాడు."

పేటలో ఇలాంటి కార్యాలు దగ్గరుండి జరిపించే పెద్దాయన నరసింగరావు ఒప్పుకోలేదు. "ఏ ఇంటోడో, ఏ కులపోడో తెల్దు. ఆడి సేత నీళ్ళెలగొదిలిస్తాం కూర్మమ్మా?"

"నా కొడుకు బతుకంతా ఆడి నోట్లో ఉన్నాది. ఒదలాల్సినోడు ఆడే" అంది ముసలామె. నరసింగరావు లేచి, మర్నాటికి కుండ తెమ్మన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఒడ్డుకు వెళ్ళారు. ఆకాశం మబ్బుగా ఉన్నా సముద్రం మాత్రం నూనె పోసినట్టు కదలకుండా ఉంది. పేటలో ఆడవాళ్ళు దూరంగా నిలబడ్డారు. గడ్డితో చుట్టిన బొమ్మకు గంగరాజు చొక్కా చుట్టి నిప్పు పెట్టించారు. తరవాత కుండ భుజాన పెట్టుకుని అతను నీళ్ళలోకి నడిచాడు. నరసింగరావు చెప్పినట్టు గంగరాజు పేరూ, తండ్రి పేరూ, తాత పేరూ పైకి పలికాడు. కుండ వదిలి మూడు మునకలు వెయ్యాలి. ఒకటి మునిగి లేచాడు. రెండోది మునిగి లేచాడు. మూడోది మునిగినవాడు లేవలేదు.

నీళ్ళ మీద ఒక్క బుడగ లేదు. నరసింగరావు పంచె ఎగ్గట్టుకుని రెండడుగులు దిగాడు. అప్పుడు, దిగిన చోట కాదు, చాలా పక్కగా, ఎవరో పట్టి తోసినట్టు అతను మోకాళ్ళ లోతు నీళ్ళలో పైకి లేచాడు. చలికి దవడలు కొట్టుకుంటున్నాయి. ఒడ్డును, జనాన్ని, తడిసిన తన చేతుల్ని చూసుకున్నాడు.

"యమున..." అన్నాడు. "యమున సూస్తుంటాది. ఇంటికెళ్ళాల."

అతని యాస మారిపోయింది. మధ్యమధ్య ఒడియా మాటలు దొర్లుతున్నాయి. తన పేరు గోపి అని చెప్పాడు. ఇచ్ఛాపురం అవతల తమ ఊరన్నాడు. యమున తన భార్య అన్నాడు. ఒక్కొక్క మాటా బయటికి వచ్చినప్పుడల్లా తనే ఆశ్చర్యపోతూ చెప్పాడు.

దేవి అతని దగ్గరగా వెళ్ళింది. ఆమెకు ఇంకా అడగవలసినవి ఎన్నో ఉన్నాయి. బస్సులో అడగడానికి సిగ్గుపడి, తిరుగు ప్రయాణంలో అడుగుదామనుకుంది.

"నా మజ్జిగ సంగతి సెప్పేడు కదా. అది సెప్పేటప్పుడు నవ్వేడా? నవ్వతా సెప్పేడా, ఎలాగ సెప్పేడు?"

అతను మర్యాదగా, అయోమయంగా చూశాడు. "ఏ మజ్జిగమ్మా? ఎవులు సెప్పేరు?"

"గంగరాజు."

"ఎవులాయన?"

ఇందాకటి వరకూ ఆ నోట్లో తన మొగుడి బతుకంతా ఉంది. ఇప్పుడు అక్కడ ఒక్క ముక్క మిగల్లేదు. తను అడగకుండా దాచుకున్నవి కూడా దానితోపాటే వెళ్ళిపోయాయి.

మధ్యాహ్నం దేవి అతన్ని శ్రీకాకుళం మీదుగా ఇచ్ఛాపురం వెళ్ళే బస్సు ఎక్కించింది. దగ్గు మందు ఇంకా వాడాలని చెప్పి, డాక్టరమ్మ రాసిన చీటీ జేబులో పెట్టింది. బస్సు కదిలేటప్పుడు అతను చెయ్యి ఊపాడు. బాగా చూసుకున్న ఆసుపత్రి మనిషికి ఊపినట్టు ఊపాడు. ఇంటికి వచ్చి కూర్మమ్మకు అన్నం పెట్టింది. ముసలామె చాన్నాళ్ళకు కడుపునిండా తిని అరుగు మీదే నిద్రపోయింది. దేవి పెరట్లో బొట్టు కడుక్కుంది.

గరివిడి తిరిగి వచ్చాక సంగతంతా విని, గంగరాజు పేరు తెరిచి, చనిపోయినట్టు గుర్తు పెట్టింది డాక్టరమ్మే. ఆ పని దేవి చేత చేయించలేదు. రోజులు మామూలుగా గడిచాయి. దేవికి నిద్ర పట్టసాగింది. నెలకోసారి అత్త దగ్గరకు వెళ్ళి వస్తోంది.

కార్తీకమాసంలో ఒక పొద్దున ఆసుపత్రి ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి. చీటీ మీద నంబరు చూసి చేస్తున్నానంది. తన పేరు యమున అంది. మా ఆయన్ని బతికించి పంపింది మీరేనట, మీ కాళ్ళకు దండమంటూ ఏడ్చింది. కాసేపటికి తేరుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఒక మాట అప్పా. పగలు బాగానే ఉంతన్నాడు. నిద్దట్లో మాత్రం 'దేవీ, దేవీ' అని పిలస్తన్నాడు. గొంతు కూడా ఈయన గొంతులాగ ఉండదు. లేపితే ఏటీ గుర్తుండదు. మాకు తెలిసినోళ్ళలో ఆ పేరు ఎవులికీ నేదు. నాకు భయంగా ఉన్నాది."

ఎదురుగా బల్లల మీద మనుషులు తమ వంతు కోసం చూస్తున్నారు.

"పిలిసి ఏటంటాడు?" అని అడిగింది దేవి.

"ఏటీ అనడు. ఎవులో పలుకుతారని సూసినట్టు కాసేపు ఊరుకుంటాడు. మళ్ళీ పిలుస్తాడు."

దేవి కళ్ళు మూసుకుంది. అవతల యమున ఊపిరి వినిపిస్తోంది.

"దేవంటే అమ్మోరు కదమ్మా" అంది చివరికి. "గండం గడిసినోడు కదా, అమ్మోర్ని తలుసుకుంటన్నాడు. భయపడకు. ఆయన్ని లేపకు."

"అంతేనంటావా?"

"అంతే."

ఫోను పెట్టేసింది. తరవాత కొంగుతో మొహం తుడుచుకుని, వరసలో ముందున్న ముసలాయన్ని పిలిచింది.